గుడి నుంచి నేరుగా ఇంటికే

నంద్యాల ఎందుకు వెళ్లావని అడిగినవాళ్లందరికీ గేరుబాక్సు కోసమని చెప్పాను. నవ్వారు. తెనాలి నుంచి జనం ఆ వైపు మహానందికి వెళతారు, అహోబిలానికి వెళతారు. గేరుబాక్సు కోసం వెళ్లినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. నాకో పాత హెరాల్డు కారు ఉంది. మా ఆవిడ దాన్ని నా రెండో సంసారం అంటుంది. దాని గేర్ల పళ్లు రాలిపోయి ఇంటిముందు కదలకుండా కూర్చుంది. బెజవాడలో సామాను దొరకలేదు. మద్రాసువాడు చెప్పిన ధరకు ఇంకో కారే కొనుక్కోవచ్చు. అప్పుడు ఖాసిం దగ్గర నుంచి కబురొచ్చింది.

ఖాసిం ఒకప్పుడు బెజవాడలో నా కారును బాగుచేసిన మెకానిక్కు. తరవాత సొంత ఊరు నంద్యాలకు పోయి షెడ్డు పెట్టుకున్నాడు. తుక్కుకింద ఒక హెరాల్డు వచ్చిందనీ, గేరుబాక్సు నిక్షేపంలా ఉందనీ, వచ్చి చూసుకొమ్మనీ ఆ కబురు సారాంశం. ఇది ఎనభైల నడిమి మాట. కొత్త చిన్న కారు దేశం మీదకి వచ్చి, అంతదాకా అంబాసిడరూ పద్మినీ తప్ప వేరే మొహం ఎరగని వాళ్లందరికీ మతులు పోగొట్టిన రోజులు. నాకూ పోయింది. గేరుబాక్సు ఒక వంక. ఖాసిం షెడ్డులో అలాంటి కారు ఒకటి ఉందన్న మాట విన్నాకే పెట్టె సర్దాను.

బొగద

గిద్దలూరు దాటాక రైలు నల్లమలలోకి దూరుతుంది. చిన్న పట్టాల బండి, బొగ్గింజను, పరుగెత్తే తొందర దానికీ లేదు, ఎక్కినవాళ్లకూ లేదు. వానలు వెనకబట్టిన కాలం కాబట్టి ప్రతి స్టేషన్లోనూ సీతాఫలాల గంపలే. రూపాయికి డజను. మా తెనాలి బజార్లో అవే కాయలు రంగు చూసి ధర చెబుతారు. ఇక్కడ ఒకామె గంపను నా ఒళ్లో కుమ్మరించి, "తిను, బాగలేకపోతే ఊంచెయ్, దుడ్లు ఇయ్యొద్దు," అంది. బేరం ఆడడానికి సందు లేకపోయింది.

నేను అడవి చూడాలని కిటికీలో తల పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దమనిషి, "తల లోపల పెట్టుకోప్పా, బొగద వస్తాండాది," అన్నాడు. బొగద అంటే ఏ అడవి మృగమో అనుకుని ఇంకా బయటికి వంగాను. సొరంగం అని తెలిసేసరికి ఇంజను పొగంతా నా మొహం మీద ఉంది. పెట్టెలో అందరూ నవ్వారు. ఆ పెద్దమనిషి మాత్రం నవ్వకుండా తన తువ్వాలు ఇచ్చి, "చెప్తే ఇనవు గదా," అన్నాడు. ఈ సీమవాళ్ల మర్యాద అలా ఉంటుంది. మావైపు అయితే ముందు నవ్వుతాం, తరవాత సానుభూతి చెబుతాం, తువ్వాలు మాత్రం ఇవ్వం.

ఖాసిం షెడ్డు

నంద్యాలలో పొద్దున్నే ఇడ్లీ అడిగితే హోటలువాడు నన్ను రోగిని చూసినట్టు చూశాడు. ఇక్కడ తినేది ఉగ్గాని. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి, నీళ్లు పిండేసి, తాళింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు పెడతారు. మొదటి బజ్జీకి కళ్లలో నీళ్లు తిరిగాయి, రెండోదానికి అలవాటు పడ్డాను, మూడోది అడిగి వేయించుకున్నాను. అంతా కలిపి రూపాయిన్నర.

ఖాసిం షెడ్డు నూనెమిల్లుల వీధి చివర ఉంది. సాయంత్రమైతే అక్కడ కారున్నవాళ్లు, కారు లేకపోయినా కారు మీద అభిప్రాయాలున్నవాళ్లు చేరతారు. టీ ఖర్చు ఖాసింది, అరుపులు వాళ్లవి. ఆ వేళ నడుమ ఎర్రటి చిన్న కారు, మూతికి పసుపు కుంకుమ పెట్టుకుని నిలబడి ఉంది. దాని యజమాని ఓబులేసు, నూనెమిల్లు ఆయన. కారు వచ్చి వారమైనా ఇంటికి తీసుకుపోలేదట. అక్కడివాళ్లకు అదొక పట్టింపు. కొత్త బండిని ముందు దేవుడి దగ్గరికి తీసుకుపోయి పూజ చేయించాలి. గుడి నుంచి నేరుగా ఇంటికే రావాలి. దారిలో ఎక్కడా దిగకూడదు, మైల ఏదీ సోకకూడదు. ఇంట్లో పెద్దామె హారతిచ్చి లోపలికి రమ్మన్నాకే అది ఇంటి బండి అవుతుంది. అందాకా ఖాసిం షెడ్డే దానికి విడిది.

కారు చుట్టూ నేను మూడుసార్లు తిరిగాను. ఇంజను అడ్డంగా పెట్టారు, ముందు చక్రాలనే తిప్పుతుంది. బానెట్టు ఎత్తి చూస్తుంటే నా హెరాల్డు మీద నాకు మొదటిసారి జాలి కలిగింది.

"మూడు సిలిండర్లేనంట," అన్నాడు శేషన్న. ఆయనది విత్తనాల అంగడి. పదేళ్లనాటి తెల్ల అంబాసిడరుకు యజమాని, దానికి వకీలు కూడా. "మూడు కాళ్ల మంచం మీద ఎవరన్నా పండుకుంటారా? ఘాటు రోడ్డు ఎక్కుతాదా ఇది?"

"నీది నాలుగు సిలిండర్లుండి ఏం జేస్తాండాది? పెట్రోలు తాగుతాండాది," అన్నాడు ఓబులేసు.

శేషన్న చేతివేలితో చిన్న కారు తలుపు మీద కొట్టి చూపించాడు. "ఈ శబ్దం ఇనప్పా. సబ్బుపెట్టె. నా బండిని దున్నపోతు పొడిచినా దానికే కొమ్ములిరగాల. దీనికి కంపెనీ ధర మీద ఇంకో ఇరవై వేలు ఎక్కువిచ్చి కొన్నావంటే నీకు దుడ్లు ఎక్కువైనాయి."

"అంబాసిడరుకు సామాను యాడైనా దొరుకుతాది, అది నిజం," అన్నాడు ఖాసిం, ఇద్దరినీ పోగొట్టుకోవడం ఇష్టం లేక. "చిన్న బండికి ఖరాబు తక్కువ, అదీ నిజం."

నేనూ ఊరుకోలేదు. బరువుకూ బలానికీ లెక్క చెప్పాను, ముందు చక్రాలు లాగితే ఎత్తులో పట్టు ఎట్లా ఉంటుందో చెప్పాను. తెనాలన్న అని పేరు పెట్టి నా మాట విన్నారు. నాది హెరాల్డని తెలిశాక మాత్రం, "అది బండి కాదప్పా, నీ భక్తి," అన్నాడు శేషన్న. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నిజం చెప్పాలంటే అంత సుఖమైన సాయంత్రం నాకు ఆ మధ్య దొరకలేదు.

చివరికి శేషన్న లేచి, తన కారు కప్పు మీద చెయ్యి వేసి, తీర్పు చెప్పినట్టు చెప్పాడు. "బండంటే నమ్మకం. కష్టమొచ్చిననాడు పనికి రావాల. నా అంబాసిడరు పెండ్లికూతుర్ని మోస్తాది, పురిటామెను మోస్తాది, పీనుగను మోస్తాది. నీ డబ్బీలో పురిటామె యాడ పండుకుంటాది?"

"పురిటోళ్లను మోయనీకి ఆసుపత్రి బండ్లుండాయి," అన్నాడు ఓబులేసు. "రేపు ఓబులానికి పోతాండా పూజకు. దమ్ముంటే నీదీ తీస్కరా. ఘాట్లో తేలిపోతాది."

ఓబులమంటే అహోబిలం. గేరుబాక్సును గోనెసంచిలో మూటగట్టి ఖాసిం దగ్గరే ఉంచి, నేనూ వస్తానన్నాను.

ఆళ్లగడ్డ

పోయేటప్పుడు చిన్న కారులో ఎక్కాను. శిరివెళ్ల దాటేదాకా ఓబులేసు ఇంజను శబ్దం గురించి తప్ప మాట్లాడలేదు. శబ్దమే లేదు కదా అని దాని మీదే అంతసేపు మాట్లాడాడు. వెనక అద్దంలో అంబాసిడరు చిన్నదవుతుంటే పెళ్లికొడుకులా నవ్వుకున్నాడు.

ఆళ్లగడ్డలో టీకి ఆగాం. పోయేటప్పుడు ఆగవచ్చు, వచ్చేటప్పుడే ఆగకూడదు. రోడ్డు పక్కన శిల్పులు పాకల కింద కూర్చుని దేవుళ్లను చెక్కుతున్నారు. ఊరంతా ఉలి చప్పుడే. మా తెనాలిలో దేవుణ్ణి చూస్తే చెప్పులు విడుస్తాం. ఇక్కడ సగం చెక్కిన వినాయకుడి మీద టీ గ్లాసు పెట్టుకుంటారు. కళ్లు తెరిచేదాకా అది రాయే, తప్పు లేదు అన్నాడొక శిల్పి. ఆయన చెక్కుతున్నది నరసింహస్వామి. పక్కన విల్లు పట్టుకున్న ఆడమనిషి.

"లక్ష్మీదేవి చేతిలో విల్లేమిటి?" అన్నాను.

"చెంచులక్ష్మి గదప్పా. సామి అడవిలో చెంచుల పిల్లను చూసి మనసుపడి చేసుకున్యాడు. వాళ్లింటి అల్లుడు. చెంచోళ్లు ఆయప్పను బావా అనే పిలుస్తారు. పండగప్పుడు గుళ్లో వాళ్లకే ముందు మర్యాద," అన్నాడు. అని, కారు వైపు చూసి, "ఎంత పడింది?" అని అడిగాడు. ఓబులేసు ధర చెప్పాడు. శిల్పి ఆ మాట విని మళ్లీ ఉలి అందుకున్నాడు.

ఓబులం

ఎగువ అహోబిలానికి పోయే దారి మలుపుల దారి. ఒక పక్క కొండ, ఒక పక్క వాగు. చిన్న కారు ఎక్కింది, అంబాసిడరూ ఎక్కింది. ఒకటి ముందు ఎక్కింది, ఒకటి పొగ కక్కి ఎక్కింది. గుడి ముందు ఇద్దరూ బానెట్లెత్తి వేడి చూసుకున్నారు. అర్చకుడు వచ్చి కొత్త కారుకు మాల వేసి, గుమ్మడికాయ కొట్టించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాడు. ఓబులేసు వాటిని చితక్కొడుతూ కారును ముందుకు పోనిచ్చాడు. లోపల ఆ స్వామి పక్కన విల్లు పట్టుకున్న ఆమెకూ దణ్ణం పెట్టుకుని బయటికి వచ్చాం.

దిగేటప్పుడు పోలిక తెలియాలని నేను శేషన్న కారులో కూర్చున్నాను. వెనక సీట్లకు తెల్లటి కొత్త బట్ట తొడిగి ఉంది. నన్ను ముందే కూర్చోమన్నాడు.

రెండు మలుపులు దిగామో లేదో, ముందు పోతున్న ఎర్ర కారు ఆగింది. దారికి అడ్డంగా మనుషులున్నారు. ఇద్దరు మగవాళ్లు, వెదురుకర్రకు దుప్పటి కట్టి డోలీ మోస్తున్నారు. పక్కన ఒక ముసలమ్మ. ఒకడు కర్ర ముసలమ్మకు అప్పగించి కారు కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. చేతులు జోడించాడు. కాసేపు ఏదో మాటలు నడిచాయి. తరవాత కిటికీలోంచి పది రూపాయల నోటు బయటికి వచ్చింది. కారు పక్కనుంచి తప్పించుకుని వెళ్లిపోయింది.

మా కారు దగ్గరికి వచ్చేసరికి వాడి చేతిలో ఆ నోటు అలాగే ఉంది. పేరు అంకన్న, అడవిలో ఉండే చెంచువాడు. డోలీలో ఉన్నది వాడి భార్య లింగమ్మ. "పొద్దుట్నుంచి నొప్పులు సామీ. బిడ్డ అడ్డం తిరిగిండాదంటాది మా అమ్మ. ఆళ్లగడ్డకు తీస్కపోండి. ఆయప్ప కొత్తబండి, మైలంట," అన్నాడు.

దుప్పట్లోంచి ఒక పాదం మాత్రం బయటికి వేలాడుతోంది. వేళ్లు ముడుచుకుని బిగుసుకుని ఉన్నాయి.

"వెనక సీటు ఖాళీ కదా, ఎక్కించండి," అన్నాను.

శేషన్న స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ముందుకే చూశాడు. "నిన్ననే బట్ట తొడిగించినానప్పా. రేపు వియ్యంకులొస్తాండారు. నెత్తురు మరక పోతాదా?"

"పురిటామెను మోస్తుందని నిన్ననే కదా అన్నారు?"

"మాటకంటాం. మాట యేరే, బండి యేరే."

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది. దిగి తలుపు విసురుగా వేశాను. "తలుపు మెల్లగెయ్యప్పా, అద్దం పగులుతాది," అన్నాడు శేషన్న. ఎక్కమని రెండుసార్లు పిలిచాడు, పంతం ఎందుకన్నాడు. నేను ఎక్కలేదు. వెళ్లిపోయాడు. పదేళ్ల కారు, మలుపులో ఒక్క కిర్రు శబ్దం చేయలేదు.

అంకన్న నా వైపు చూశాడు. "నువ్వు యాల దిగినావు సామీ? నువ్వు దిగితే మాకేమొచ్చె?"

డోలీ కర్ర ఒక చివర భుజాన పెట్టుకున్నాను. నా ఎత్తు వాళ్ల ఎత్తుకు కుదరక డోలీ పక్కకు ఒరిగింది, లోపల ఆ పిల్ల అరిచింది. ముసలమ్మ నన్ను తిట్టి కర్ర లాక్కుని కొడుకు భుజాన పెట్టింది. ఆ తరవాత వాళ్ల నీళ్లచెంబు పట్టుకుని వాళ్ల వెనక నడవడం ఒక్కటే నాకు మిగిలిన పని. దిగువ అహోబిలం దాకా నడిచాం. ఆళ్లగడ్డ బస్సు అప్పుడే పోయిందన్నారు.

వెదురు లారీ

తరవాత వచ్చింది అడవి నుంచి వెదురు మోసుకొస్తున్న లారీ. దానికి ఒక లైటు లేదు, తలుపును తాడుతో కట్టారు. ముందురోజు షెడ్డులో ఎవరైనా దాన్ని చూసి ఉంటే తూకానికి అమ్మమనేవాళ్లు. మేం చెయ్యెత్తకముందే డ్రైవరు ఆపాడు. ఇంజను ఆపలేదు.

"ఆపితే మళ్లా ఎత్తుకోదు, తోయాల. ఎక్కండి బేగా," అని అరిచాడు.

పుణ్యానికి ఎక్కించుకున్నాడని మాత్రం అనుకోకండి. దారంతా గొణుగుతూనే ఉన్నాడు. ఆలస్యమైతే కాంట్రాక్టరు తిడతాడన్నాడు, సీటు మీద ఏమన్నా అయితే కడుక్కోవాలన్నాడు. కానీ గొణుగుతూనే తన సీటు పక్కనున్న మనిషిని వెదుళ్ల మీదకు తరిమి, ముందు లింగమ్మనూ ముసలమ్మనూ కూర్చోబెట్టాడు. మేం పైన వెదుళ్ల మీద పడుకుని పట్టుకున్నాం. గతుకు వచ్చినప్పుడల్లా లారీ మెల్లగా పోయేది. మెల్లగా పోతే ఆలస్యం, తొందరగా పోతే ఆమెకు నొప్పి. ఆ రెండింటి మధ్య ఆ డ్రైవరు తన తిట్లన్నీ ఖర్చుపెట్టాడు.

ఆళ్లగడ్డ ఆసుపత్రిలో లింగమ్మ బతికింది. బిడ్డ బతకలేదు. ఆడపిల్ల. నర్సమ్మ బయటికి వచ్చి, "కొంచెం ముందు తెచ్చింటే బిడ్డ దక్కుండేది. బండేదీ దొరకల్యా?" అని అడిగింది. అంకన్న దొరకలేదన్నాడు.

నేను బయట మెట్ల మీద కూర్చుని ఓబులేసును, శేషన్నను, వాళ్ల కార్లను, నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. అంకన్న కాసేపు విన్నాడు.

"ఓబులం సామి పేరు మీద పూజ చేసిన బండి గదా అది," అన్నాడు. "ఆయప్ప మాకు బావ. బావ బండే గదా అని పోయి అడిగినా. మా ఆడబిడ్డను చేసుకున్యప్పుడు బావకు మైల ల్యాకపాయె. బండికొచ్చె."

కోపంగా అనలేదు. కొండెక్కడుంది, వాగెక్కడుంది అని చెప్పినట్టు చెప్పాడు. తరవాత లేచి బజారుకు పోయాడు. వచ్చేటప్పుడు చేతిలో గజం తెల్లగుడ్డ ఉంది. కిటికీలోంచి ఇచ్చిన ఆ పది రూపాయల నోటుతోనే కొన్నాడు.

మళ్లీ షెడ్డు

మర్నాడు బస్సులో నంద్యాల చేరేసరికి సాయంత్రమైంది. షెడ్డులో మామూలుగానే జనం ఉన్నారు. ఎర్ర కారు మెడలో మాల వాడిపోయి ఉంది. ఇంట్లో హారతి అయిందట, అందరికీ లడ్లు పంచుతున్నాడు ఓబులేసు.

"ఘాటెక్కింది, దిగింది. ఇంజను గరం గాలా," అంటున్నాడు. "గుడి నుంచి ఇంటిదాకా యాడా ఆగలా!"

"ఆగింది," అన్నాను. "ఆగి, చూసి, పోయింది."

ఖాసిం చేతిలో పానా కింద పెట్టి, ఏమైందని అడిగాడు. చెప్పాను. బిడ్డ సంగతి చెప్పాను, తెల్లగుడ్డ సంగతి కూడా చెప్పాను. ఓబులేసు మొహం వాడింది, అది అబద్ధం చెప్పను. "నేనేం జేస్తునప్పా? మా అమ్మ ఆరతి పట్టుకోని నిలబడుండె. ఆచారం. నువ్వు కోస్తావోడివి, నీకు తెలీదు," అన్నాడు. శేషన్న తన కారు చక్రం వైపు చూస్తూ, "వాళ్ల కర్మ అట్లుండాది," అన్నాడు. ఖాసిం మాత్రం ఎవరికీ టీ పోయలేదు. ఆ షెడ్డులో అది మొదటిసారట.

అంతా కలిపి ఒక బీడీ కాలినంతసేపు. ఆ తరవాత మూలనుంచి ఎవరో మెల్లగా, "అయితే శేషన్నా, ఆ ఘాట్లో నీ బండి ఎంత వెనకబడె?" అని అడిగారు. శేషన్న వెనకబడలేదన్నాడు. ఓబులేసు పడిందన్నాడు. గొంతులు మళ్లీ లేచాయి.

నేను గేరుబాక్సు మూట ఎత్తుకుని స్టేషనుకు నడిచాను. ఖాసిం మూటకు ఒక చెయ్యి వేసి రైలుదాకా వచ్చాడు. దాని ధర అడిగితే చెప్పలేదు, ఎంతిస్తే అంత తీసుకున్నాడు.

తెనాలి

గేరుబాక్సు బాగా కుదిరింది. హెరాల్డు మళ్లీ తిరుగుతోంది. మా వీధిలోనూ కారు మీద అభిప్రాయాలున్నవాళ్లు తక్కువేం కాదు. నేను వచ్చిన మర్నాడే నా అరుగు మీద చేరారు. కొత్త చిన్న కారులో ఎక్కి వచ్చానని తెలిసి ఒకటే ప్రశ్నలు. ధరెంత, లీటరుకెంత, ఎత్తు లాగుతుందా, రేకు పలచనటగా, అంబాసిడరుతో పోలిస్తే ఎట్లా ఉంది. అన్నిటికీ తెలిసినంత చెప్పాను. మా ఎదురింటాయన ఆ కారు కోసం పేరు నమోదు చేయించుకోవాలని చూస్తున్నాడు. అందరూ అడగడం అయ్యాక ఆయన దగ్గరికి జరిగి అడిగాడు.

"కష్టమొచ్చినప్పుడు నమ్మొచ్చా?"

"బండిని నమ్మొచ్చు," అన్నాను.